మంచుకి హారన్ వినపడదు

"హైదరాబాద్‌లో బండి నడిపినోడు ప్రపంచంలో ఎక్కడైనా నడిపేస్తాడు." ఈ డైలాగ్ మనందరం విన్నాం. నేనైతే గర్వంగా చాలాసార్లు అన్నాను కూడా. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నా.

మా పెద్దమ్మ కొడుకు మిషిగన్‌లో ఎం.ఎస్. చేశాడు. ఉద్యోగం వచ్చిన మూడో నెలలోనే ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. పెద్ద ఇంజన్, రియర్ వీల్ డ్రైవ్. కంపెనీ పేరు అనవసరం, ఎందుకంటే తప్పు కారుది కాదు. ఫ్యామిలీ గ్రూప్‌లో ఫొటో పెడితే మా తాతయ్య కూడా హార్ట్ ఎమోజీ పెట్టారు. డిసెంబర్‌లో ఒక రాత్రి హైవే దిగే మలుపులో, రోడ్డు తడిగా ఉందనుకుని కొంచెం యాక్సిలరేటర్ తొక్కాడు. అది తడి కాదు, బ్లాక్ ఐస్. కారు గిర్రున తిరిగి, వచ్చిన దారివైపే ముఖం పెట్టి, రెయిలింగ్‌కి గుద్దుకుని ఆగింది. అన్నయ్యకి దెబ్బలేం తగల్లేదు. ఆ నిమిషంలో వెనక ఏ ట్రక్కూ రాలేదు, అంతే. దాన్ని డ్రైవింగ్ అనరు, అదృష్టం అంటారు. నాకు ఫోన్ చేసి మొదట అన్న మాట: "అమ్మకి చెప్పకే."

తర్వాత అన్నయ్యే చెప్పేశాడు కాబట్టి నేను రాయగలుగుతున్నా.

అసలు ఏం జరిగిందో అర్థం కావడానికి స్పోర్ట్స్ కారు అక్కర్లేదు, నా స్కూటీ చాలు. మా వీధిలో అపార్ట్‌మెంట్ కడుతున్నారు, రోడ్డంతా ఇసుక. మలుపులో యాక్సిలరేటర్ ఇచ్చానా, వెనక చక్రం పక్కకి జారిపోతుంది. మన బైకులు, స్కూటీలు అన్నీ రియర్ వీల్ డ్రైవే కదా. టైరుకి రోడ్డు మీద ఉండే పట్టు ఒక లిమిటెడ్ బ్యాలెన్స్ లాంటిది. ముందుకి తొయ్యడానికి, మలుపులో బండిని నిలబెట్టడానికి, బ్రేక్ వెయ్యడానికి అన్నిటికీ అదే ఖాతాలోంచి ఖర్చు. వెనక చక్రాలకి పవర్ ఎక్కువ ఇస్తే అక్కడ బ్యాలెన్స్ జీరో అవుతుంది, కారు తోక బయటికి వచ్చేస్తుంది. మామూలు రోడ్డు మీద ఖాతా నిండుగా ఉంటుంది, కాబట్టి మనకి తెలియదు. మంచు మీద చిల్లర కూడా ఉండదు.

లెక్క చూడండి. ఇంటర్ ఫిజిక్స్ ఫార్ములాయే. గంటకి 50 కిలోమీటర్ల స్పీడులో పొడి రోడ్డు మీద, ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, బ్రేక్ పడ్డాక కారు దాదాపు 14 మీటర్లలో ఆగుతుంది. ఐస్ మీద అది 0.1 అనుకుంటే దాదాపు 100 మీటర్లు కావాలి. డ్రైవర్ అదే, కారు అదే, స్పీడూ అదే.

ఇక్కడే నా అభిప్రాయం చెప్తా. మన ట్రాఫిక్ మనకి నేర్పింది మనుషుల్ని చదవడం. ఆటో ఎటు తిరుగుతుందో, ఆంటీ ఎప్పుడు రోడ్డు దాటుతుందో మనకి ముందే తెలిసిపోతుంది. అది నిజంగా గొప్ప స్కిల్లే, కాదనను. కానీ మంచు మీద చదవాల్సింది మనుషుల్ని కాదు, నేలని. దానికి హారన్ వినపడదు, అది సర్దుకుని దారి ఇవ్వదు. ఆ సబ్జెక్టులో మనం ఎల్‌కేజీ. అది ఒప్పుకోకపోవడమే అసలు ప్రమాదం.

"అయితే ఆల్ వీల్ డ్రైవ్ కొంటే సరి" అని మా క్లాస్‌లో ఒకడు అన్నాడు. అది కదలడానికి బాగా సాయం చేస్తుంది, నిజమే. కానీ బ్రేకులు అన్ని కార్లకీ నాలుగు చక్రాలకే ఉంటాయి. ఆపేది టైర్లు. అన్నయ్య కారుకి ఉన్నవి సమ్మర్ టైర్లు. 7 డిగ్రీల కంటే చల్లబడితే ఆ రబ్బరు గట్టిపడిపోయి పట్టు తగ్గుతుంది. వింటర్ టైర్ల రబ్బరు చలిలో కూడా మెత్తగానే ఉంటుంది. మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు బొమ్మ ఉన్న టైర్లు నాలుగూ వెయ్యాలి. వెనక రెండే మారిస్తే ముందు చక్రాలు తిరగవు, ఆగవు. అమెరికాలో 2012 మోడల్ నుంచి కొత్త కార్లన్నిటికీ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. అది ఆన్‌లోనే ఉంచాలి. కానీ మన కోడ్‌లాగే, లేని డేటాని అది పుట్టించలేదు. ఉన్న పట్టునే సర్దుతుంది.

మిగతాది ఓపిక. యాక్సిలరేటర్, బ్రేక్, స్టీరింగ్ అన్నీ మెల్లగా. ముందు కారుకి బోలెడంత దూరం. బ్రిడ్జిలు రోడ్డుకంటే ముందే గడ్డకడతాయి, జాగ్రత్త. తోక జారితే యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తియ్యాలి, బ్రేక్ మీద దూకకూడదు, వెళ్ళాల్సిన వైపే చూస్తూ అటే స్టీరింగ్ తిప్పాలి. కారు దారికి రాగానే స్టీరింగ్ నిటారు చెయ్యాలి. ఇవన్నీ చదివితే రావు. మంచు పడ్డాక, అనుమతి ఉన్న ఖాళీ పార్కింగ్ లాట్‌లో తక్కువ స్పీడులో ప్రాక్టీస్ చెయ్యాలి. రోడ్డు మరీ బాలేని రోజు కారు ఇంట్లోనే ఉండాలి. అన్నిటికన్నా మంచి డ్రైవింగ్ అదే.

స్పోర్ట్స్ కారు కొనొద్దని నేను చెప్పట్లేదు. చిన్నప్పటి నుంచి పోస్టర్‌లో చూసిన కారు కొనుక్కోవడంలో తప్పేముంది? టైర్ల డబ్బు కూడా కారు ధరలోనే కలిపి లెక్కేసుకోండి అంటున్నా. మన బ్యాచ్‌లో సగం మంది రెండు మూడేళ్ళలో ఫ్లైట్ ఎక్కేవాళ్ళమే. ప్రెషర్ కుక్కర్, ఆవకాయ, పప్పుల పొడి అని లిస్టులు రాసుకుంటాం. మంచు ఊరికి వెళ్ళేవాళ్ళు అందులో ఒక లైను కలుపుకోండి.

మా పెద్దమ్మ కలిపేసింది. అక్కడ చలి మొదలైతే చాలు, ఫోన్‌లో "తిన్నావా నాన్నా" అన్న వెంటనే "టైర్లు మార్చావా" అని అడుగుతోంది.