వంటయింటి శాస్త్రము: నూనెకు తొందర యెక్కువ

మొన్న మా యింట అప్పడములకై మూకుడులో నూనె పోసి పొయ్యిమీద నుంచి, వీధి తలుపు తట్టినవారితో రెండు మాటలాడి వచ్చుసరికి వంటయింట పొగ క్రమ్మియుండెను. ఎసరయినచో అంతసేపటికి గోరువెచ్చనయిన గాకుండెడిది!

కారణ మిది. ఒక గ్రాము నీటికి 1 సెంటిగ్రేడు డిగ్రీ వేడి యెక్కించుటకు 1 కెలోరీ యుష్ణము కావలెను. నూనెకు అందులో సుమారు సగమే చాలును. ఇనుప మూకుడునకు తొమ్మిదవ వంతు. పైగా మనము పోయు నూనె కొద్దియే. వస్తువు వస్తువునకు గల యీ భేదమును 1760 ప్రాంతమున స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ అను పండితుడు గుర్తించెను. దీనినే విశిష్టోష్ణ మందురు.

అంతియ కాదు. నీరు 100 డిగ్రీలకడ మరగుచు నిలిచిపోవును. నూనె నిలువదు, 200 డిగ్రీల ప్రాంతమున పొగలు గ్రక్కి, ఇంకను కాగినచో తానే యంటుకొనును. కావున సోదరీమణులారా, ఎసరును విడిచి యవతలికి పోవచ్చును గాని కాగు నూనెను విడిచి పోరాదు. ఒకవేళ మంట లేచినచో నీళ్లు చల్లకుడు. నీరు తటాలున నావిరియై, మండుచున్న నూనెను నలుదెసలకు జిమ్మును. పొయ్యి నార్పి, మూకుడుపై మూత బోర్లించి, పూర్తిగా చల్లారువరకు దాని నెత్తకుడు.