టర్కీ కోడి వైరస్‌తో కొక్కెర తెగులుకు టీకా.. భయం దేనికి?

మొన్న టీ కొట్టు దగ్గర ఒకాయన "ఒక వైరస్‌లో ఇంకో వైరస్‌ను కలిపి కోళ్లకు టీకా చేస్తున్నారంట, ఆ కోడిని తింటే మనకేమవుద్దో" అన్నాడు. పక్కనున్న నలుగురూ తలూపారు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా.

ఆయన విన్నది పూర్తిగా అబద్ధమేం కాదు. టర్కీ కోళ్లలో ఒక హెర్పిస్ వైరస్ ఉంటుంది. అది మన కోళ్లకు జబ్బు చేయదు, పైగా మారెక్స్ జబ్బు రాకుండా కాపాడుతుంది. 1970ల నుంచి దాన్ని టీకాగా వాడుతున్నారు. ఇప్పుడు దాంట్లోకి కొక్కెర తెగులు, అదే రాణిఖేత్ వైరస్ నుంచి ఒక్క జన్యువును తెచ్చి చేర్చారు. ఆ ఒక్క ముక్కతో తెగులు పుట్టదు. దొంగ చొక్కా తెచ్చి కుక్కకు వాసన చూపించినట్టు అనుకోండి. ఇక తినే సంగతంటారా, ఆ టర్కీ వైరస్ మనుషులకు అంటుకునేది కాదు.

2021లో మనలో చాలామంది వేయించుకున్న కోవిషీల్డ్‌దీ ఇదే పద్ధతి. చింపాంజీల జలుబు వైరస్‌ను ఒంట్లో పెరగకుండా చేసి, అందులో కరోనా జన్యువు పెట్టారు. చాలా అరుదుగా కొందరికి రక్తం గడ్డకట్టిన మాట కూడా నిజమే. అడగాల్సినవి అడుగుదాం, కానీ పుకారు పట్టుకుని కూర్చుంటే ఏమవుద్దో నాకు తెలుసు.

మూడేళ్ల కింద ఇలాంటి మాటలే విని మామూలు టీకా కూడా వాయిదా వేశా. ఎండాకాలంలో వారం తిరక్కుండా ముప్ఫై రెండు కోళ్లు పోయాయి. మెడలు వంకర తిరిగి, పచ్చగా పారుకుంటూ. గుడ్ల డబ్బులు మా ఇంటావిడ చేతి ఖర్చు. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నా బాధల్లా ఈ కొత్త టీకా మన పెరటి కోడి దాకా రావట్లేదనే. గేదెలకు వేసే వీర్యం స్ట్రాల లాగే దీన్ని లిక్విడ్ నైట్రోజన్ క్యాన్‌లో ఉంచాలి. బయటికి తీసి కరిగించాక గంట, రెండు గంటల్లో వాడేయాలి. ఒక్క సీసాలో వెయ్యి, రెండు వేల పిల్లలకు సరిపడా మందు ఉంటది. పది పిల్లలున్న మనమేం చేస్తాం? అందుకే హేచరీలో, పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే వేస్తారు. మరి పథకాల కింద మనకు పెరటి కోడిపిల్లలు ఇచ్చేవాళ్లు కూడా ఇది వేసే ఇవ్వాలి. ఏం వేశారో తెలుగులో కాగితం రాసివ్వాలి. మనం అడగాల్సింది ఇది.

అప్పటిదాకా పాత దారే. మొదటి వారంలో లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టుబి సూది. అవీ బతికున్న వైరస్‌లే, మన నాన్నల కాలం నుంచి వేస్తున్నవే.

ఆదివారం పొద్దున్నే మా వీధిలో వేయిస్తున్నాం. శనివారం రాత్రే కోళ్లను గంపల కింద కమ్మి ఉంచండి, తెల్లారాక పట్టుకోవడం మన వల్ల కాదు.