అంబులెన్సుకు ముందు కళాశాల

నూజివీడు సీమలో వైశాఖ జ్యేష్ఠములు రైతునకు ఏడాది ఆదాయమును తేల్చు మాసములు. తోటలలో పనిచేయు కూలీలకు అవియే ఏడాదిలోకెల్ల ప్రమాదభరితములైన మాసములు. చిన్నరసాల చెట్టెక్కి చిక్కముతో కాయ దింపువాడు కొమ్మ విరిగి నేల కూలుట, కావలిపాకలో నేలపై పండుకొన్నవానిని నడిరేయి కట్లపాము కాటువేయుట, మిట్టమధ్యాహ్నము గంపలు మోయు వృద్ధురాలు వడదెబ్బకు సొమ్మసిల్లుట, నున్న మార్కెట్టునకు కాయల లోడుతో సాగు ట్రాక్టరు మలుపులో తిరుగబడుట ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట ప్రాంతములవారికి వినరాని వార్తలు కావు. ఈ మాసములకు కొన్ని నెలలు ముందుగా, పూతపై తేనెమంచు పురుగునకు మందు కొట్టు దినములలో, ఆ మందునే పీల్చి నురగలు గ్రక్కుచు పడిపోవువారును కలరు.

ఈ ఆపదలు ఒకదానికొకటి ఎంత భిన్నములైనను, బాధితుని చెంతకు మొదట చేరువాడు వైద్యుడు కాడనుట వీనియన్నింటికిని సమానము. ఏలూరైనను బెజవాడయైనను ఇంచుమించు నలువది కిలోమీటర్ల దూరమున నుండుటచేత, పెద్దాసుపత్రి ద్వారము చేరువరకు రోగి ప్రాణము 108 అంబులెన్సు బండిలో వచ్చిన ఇ.ఎం.టి. (అత్యవసర వైద్యసాంకేతికుని) చేతులలోను, పైలట్ అని వాడుకలో పిలువబడు డ్రైవరు నేర్పులోను ఉండును. కనుక ఆ ఇ.ఎం.టి.కి విద్య గరపినవారెవరు, అతడు నేర్చినది నిజముగా నేర్చెనని పూచీపడినవారెవరు అనునవి ప్రజారోగ్యమునకు మూలప్రశ్నలు. వాహనములను లెక్కించుటలో మనము చూపిన శ్రద్ధ ఈ ప్రశ్నలయందు చూపలేదు. ఈ శిక్షణ కాంట్రాక్టు సంస్థల అధీనమునుండి కళాశాలల అధీనమునకు మారి, అచ్చట దానికొక సమర్థుడైన అధిపతి కుదిరిననే తప్ప ఈ లోటు తీరదని నా నిశ్చితాభిప్రాయము.

ఈ రంగమున తెలుగుదేశము వెనుకబడినది కాదు. దేశమునకే దారి చూపినది. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభించిన 108 సేవ, అనతికాలములోనే ప్రభుత్వ భాగస్వామ్యముతో రాష్ట్రమంతటను వ్యాపించి, ఇతర రాష్ట్రములకు మాతృక యయ్యెను. అంతకుపూర్వము అంబులెన్సనగా రోగిని పరుండబెట్టి తీసికొనిపోవు బండి మాత్రమే. బండిలోనే చికిత్స మొదలు కావలెననియు, అందుకై శిక్షణ పొందిన మనిషి యొకడు రోగి ప్రక్కన కూర్చుండవలెననియు సామాన్యజనులకు తెలియజేసినది ఆ సేవయే. జీవశాస్త్రములలో పట్టభద్రులైన గ్రామీణ యువకులు, బి.జడ్.సి. చదివి కొలువు దొరకక తిరుగుచున్నవారు, కొలది వారముల శిక్షణతో ఇ.ఎం.టి.లైరి. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ వైద్యుల సహకారముతో అదే సంస్థ రెండేండ్ల ఉన్నత పారామెడిక్ శిక్షణకు గూడ శ్రీకారము చుట్టెను. కొలది వారములలో ముగియు శిక్షణకును, రెండేండ్లు సాగు విద్యకును గల అంతరము ఆనాడే మన పెద్దలకు తెలిసియుండెననుటకు ఇది సాక్ష్యము.

అయినను తెలిసినది విధానముగా స్థిరపడలేదు. 2009లో, 108 సేవకు అండగా నిలిచిన సత్యం సంస్థ పతనముతో ఆ సేవ జి.వి.కె. చేతికి వచ్చెను, రాష్ట్రవిభజన పిమ్మట ఆంధ్రప్రదేశమున దాని నిర్వహణ 2017లో బి.వి.జి.కిని, 2020లో అరబిందో సంస్థకును సంక్రమించెను. 2020 జూలై 1వ తేదీన బెజవాడ బెంజి సర్కిలులో 108, 104 సేవల వాహనములు 1,088 బారులు తీరి కదలినప్పుడు, ఆ దృశ్యము పత్రికల మొదటి పుటల నలంకరించెను. ఆ బండ్లలో కూర్చుండువారికి పాఠము చెప్పునదెవరను ప్రశ్నకు అట్టి ఊరేగింపు లేదు. గుత్త మారినప్పుడెల్ల నిర్వాహకుడు మారును. నిర్వాహకుని వెంట శిక్షకులును, పాఠ్యక్రమమును, పరీక్షావిధానమును మారుటకు వీలుండును. అంతకన్న ప్రమాదకరమైన దోషము మరియొకటి గలదు: బండ్లలోని ఖాళీలను వెంటనే నింపవలసిన అగత్యము గలవాడే అభ్యర్థి యోగ్యతను నిర్ణయించు పరీక్షకుడు గూడ నగునెడల, ఆ పరీక్షకు విలువ యుండదు. ఇది ఏ యొక్క సంస్థపైనను మోపదగిన నింద కాదు. ఎవరు నిర్వహించినను ఈ యేర్పాటులోనే ఇమిడియున్న లోపము.

ఇట్టి ప్రయోగ మొకటి పశ్చిమమున ఎట్లు వెలసి ఎట్లు ముగిసెనో తెలిసికొనుట మనకు ప్రయోజనకరము. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున, నేటి సి.పి.ఆర్. పద్ధతికి మూలపురుషులలో నొకడైన పీటర్ సఫార్ అను మత్తువైద్యుడు, నిరుద్యోగులైన నల్లజాతి యువకులను చేరదీసి, సుమారు 300 గంటల కఠినశిక్షణ నిచ్చి, ఫ్రీడమ్ హౌస్ అను పేర అంబులెన్సు సేవను నెలకొల్పెను. వైద్యాధిపతిగా పిమ్మట వచ్చిన నాన్సీ కరోలిన్ బండ్లలో తానును వెంట తిరిగి, వారు చేసిన ప్రతి చికిత్సను విమర్శించి సరిదిద్ది, ఆ యనుభవముతో రచించిన పాఠ్యగ్రంథము దేశమంతటను పారామెడిక్కులకు ఆధారమయ్యెను. కాని 1975లో నగరపాలకులు సొంత సేవ నేర్పరచి దానిని మూసివేయగా, అంతటి నిపుణులలో పలువురు చెల్లాచెదరైరి. దీనివలన మనము గ్రహింపవలసిన నీతులు రెండు: సమర్థమైన నాయకత్వమున్నచో సామాన్య యువకుడు అసామాన్య ప్రాణరక్షకుడు కాగలడు, ఆ నాయకత్వమునకు శాశ్వతమైన విద్యాసంస్థ అండ లేనిచో పాలకుల యొక్క నిర్ణయముతో సర్వమును నశింపగలదు.

మన పార్లమెంటు 2021లో చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము ఈ శాశ్వతత్వమునకు పునాది వేసినది. అత్యవసర వైద్యసాంకేతికులను ఆ చట్టము గుర్తింపదగిన వృత్తులలో చేర్చినది. డిప్లొమా స్థాయివారికి కనీసము 2,000 గంటల విద్య, ఆరోగ్యవృత్తినిపుణులనబడు పట్టభద్రులకు కనీసము 3,600 గంటల విద్య ఉండవలెనని విధించినది. గంటల సంఖ్యను విధించుట చట్టమునకు సాధ్యము. ఆ గంటలలో ఏమి జరుగవలెనో నిర్ణయించుట శిక్షణాధిపతి యొక్క వివేకమునకు సంబంధించినది. అధిపతి అసమర్థుడైనచో 3,600 గంటలును నల్లబల్లపై బొమ్మలు గీయుటతో గడచిపోవచ్చును.

అట్టి అధిపతి యెవరు? కేవలము పట్టములు గల పండితుడైనచో చాలదు. బండిలో కూర్చుండి, కుదుపులలో సిరకు సూది యెక్కించి, ఏడ్చు బంధువుల నడుమ నిర్ణయము చేసిన అనుభవము అతనికి, లేదా ఆమెకు, ఉండవలెను. వైద్యనిర్ణయములకు బాధ్యత వహించు ఎమర్జెన్సీ వైద్యుడొకడు ప్రక్కన తోడుండవలెను. విద్యార్థి కాలమును నాలుగు తావులకు పంచుట అధిపతి మొదటి ధర్మము: తరగతిగది, బొమ్మలపై అభ్యసించు ప్రయోగశాల, ఆసుపత్రి, బండి. నిమిషమునకు 100 నుండి 120 పర్యాయములు, ఐదు సెంటీమీటర్ల లోతునకు రొమ్ము నొక్కుట బొమ్మపై నేర్చుకొనవచ్చును. గుంతల దారిలో సాగు బండిలో దానిని చేయుట బండిలోనే తెలియును. 108కు వచ్చు పిలుపులలో గర్భిణీ స్త్రీలవి పెద్ద భాగము కనుక, కాన్పుల వార్డులో రాత్రులు గడపని విద్యార్థికి యోగ్యతాపత్ర మీయరాదు. ఆ కారణముచేతనే ఈ వృత్తిలోనికి యువతులను ప్రత్యేకముగా ఆహ్వానింపవలెను.

పాఠ్యక్రమము స్థలమునుబట్టి యుండవలెననుట రెండవ ధర్మము. హైదరాబాదున అచ్చుపడిన పుస్తకము గుండెపోటును గూర్చి ఎంత చక్కగా చెప్పినను, మామిడితోటల సీమకు అది చాలదు. కట్లపాము కాటున నొప్పియు వాపును స్వల్పము. తెల్లవారునప్పటికి కనురెప్పలు వాలి, మాట తడబడి, పిదప ఊపిరి నిలుచును. అట్టి రోగికి అంబూ బ్యాగుతో ఊపిరి యందించుచు వెంటిలేటరు దొరకువరకు నిలుపగలవాడే ప్రాణదాత. రక్తపింజరి కాటున విషము రక్తము గడ్డకట్టు శక్తిని హరించును. పొడి గాజునాళికలో రక్తమును ఇరువది నిమిషములుంచి గడ్డకట్టినదో లేదో పరీక్షించు పద్ధతి మండల ఆసుపత్రిలో గూడ చేయదగినది. కాటుకు పైన బిగించి త్రాడు కట్టుట, కోసి పీల్చుట మేలుకన్న కీడే చేయును. పురుగుమందు విషమున ముందుగా బట్టలు విప్పి ఒంటిని కడుగవలెను, తన చేతులకు తొడుగులుండవలెను. కంటిపాప సూదిమొనవలె కుంచించుట, నోట లాలాజలము కారుట చూచినవెంటనే అట్రోపిన్ అవసరమగునని గుర్తింపవలెను. చెట్టునుండి పడినవానిని నలుగురు నాలుగు చేతులు పట్టి లేపుట మన పల్లెలలో దయగా భావింపబడుచున్నది. వెన్నుపూస చెదరినచో ఆ దయయే జీవితాంతము మంచము పట్టించును. మెడకు కాలరు వేసి, మెడను నడుమును ఒకే వరుసలో నుంచి, స్పైన్ బోర్డుపైకి చేర్చుట నేర్పవలసిన విద్య.

మూడవ ధర్మము కఠినమైనది: తప్పినవానిని తప్పినాడని చెప్పుట. ప్రవేశరుసుము చెల్లించిన విద్యార్థి, సిఫారసుతో వచ్చిన తండ్రి, ఉత్తీర్ణతశాతమును చూచు యాజమాన్యము, మువ్వురును అధిపతిపై ఒత్తిడి తెత్తురు. లెక్కల పరీక్షలో దయతలచిన మార్కులవలన నష్టపోవునది ఆ విద్యార్థి మాత్రమే. ఈ పరీక్షలో దయతలచినచో నష్టపోవునది ఆ సమయమున అచ్చట లేని రోగి. తరువాతి ధర్మము పట్టమిచ్చిన పిమ్మట గూడ విడువని సంబంధము. పూర్వవిద్యార్థులు నింపిన పేషెంట్ కేర్ రికార్డులను పేర్లు తొలగించి నెలనెలకు ముందుంచుకొని, ఎచ్చట ఆలస్యమైనది, ఎచ్చట మందు తప్పినదని చర్చించు కళాశాల తన పాఠమును తానే దిద్దుకొనును. గుత్తసంస్థ దీనిని చేయజాలదు. తన పొరపాట్లను బయటపెట్టుట తన గుత్తకే ముప్పు గదా!

ఇంతటి విద్య నేర్చినవారు గల్ఫుదేశములకు పోవుదురని కొందరు శంకింతురు. మన నర్సులును పోయిరి. అందువలన నర్సింగు పాఠశాలలను మూసివేయలేదు. పోవుటకు అసలు కారణము పన్నెండు గంటల డ్యూటీ, స్థిరము లేని కొలువు, ఎదుగుదల లేని హోదా. ఇ.ఎం.టి.నుండి పారామెడిక్కునకు, పారామెడిక్కునుండి శిక్షకునకు మెట్లు గల సేవాశ్రేణి నేర్పరచినచో నిలుచువారే యెక్కువగుదురు. ఇప్పుడు బండ్లలో పనిచేయుచున్నవారి ననర్హులని త్రోసిపుచ్చరాదు. వారి యనుభవమును లెక్కలోనికి తీసికొని, ఉద్యోగము చేయుచునే చదువదగిన సంధానకోర్సును వారికి ముందుగా తెరువవలెను. రేపటి శిక్షకులు వారిలోనుండియే రావలెను.

నూజివీడులో ఇట్టి కళాశాలకు కావలసిన సామగ్రి చాలవరకు చేరువనే యున్నది. పట్టణమున ఏరియా ఆసుపత్రి గలదు; 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతము కృష్ణాజిల్లానుండి ఏలూరుజిల్లాకు మారగా, ఆ జిల్లాకేంద్రమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసెను; గన్నవరము చెంత చినఆవుటపల్లిలో సిద్ధార్థ వైద్యవిద్యాసంస్థ గలదు; పరీక్షలకు బెజవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయమున్నది; 2008నుండి వేలాది గ్రామీణ విద్యార్థులను తీర్చుచున్న ట్రిపుల్ ఐ.టి. ఊరిలోనే యున్నది. హనుమాన్ జంక్షన్ జాతీయరహదారి ప్రమాదములును, తోటల ఆపదలును విద్యార్థికి కావలసిన అనుభవమును నిర్దయగా సమకూర్చుచునే యున్నవి. లేనిదల్లా వీనిని కలుపు సంకల్పము, ఆ సంకల్పమునకు బాధ్యత వహించు ఒక వ్యక్తి.

రాష్ట్రప్రభుత్వము తదుపరి 108 గుత్తపత్రములో, శిక్షణయు అర్హతాపరీక్షయు నిర్వాహకుని పరిధిలోనివి కావనియు, గుర్తింపుపొందిన కళాశాలకే చెందుననియు ఒక నిబంధన చేర్చవలెను. ఆ కళాశాలలకు అధిపతులను హోదానుబట్టి గాక బండిలో పనిచేసిన అనుభవమునుబట్టి ఎన్నుకొనవలెను. వాహనములు పదేండ్లకు పాతపడి తుక్కునకు పోవును, సుశిక్షితుడైన ఇ.ఎం.టి. ముప్పది యేండ్లు పనిచేసి, తనవంటివారిని మరికొందరిని తయారుచేయును. ఏ వ్యయము లాభకరమో పాలకులు లెక్కవేసి చూతురు గాక.