గృహిణికొక మాట: పాత జీపు కొనుటకు ముందు

ఇంట భర్తయో కుమారుడో పాత జీపు కొని బాగుచేయుదమని ముచ్చటపడినచో, వలదని వాదించుటకంటె మీరును వెంట వెళ్లి చూచుట మేలు. వ్యయమగునది ఇంటి ధనమే కదా!

క్రొత్త రంగునకు భ్రమపడరాదు. చెడిన ఇంజనును బాగుచేయవచ్చును గాని, బండికి వెన్నెముకయైన ఛాసిస్ తుప్పుపట్టి చివికినచో పెట్టిన ధనమంతయు బూడిదలో పోసిన పన్నీరే. కావున ముందుగా బండిక్రింద చూడవలెను. స్ప్రింగులు తగిలించిన చోట్లను స్క్రూడ్రైవరుతో పొడిపించినచో చివికిన యినుము బయటపడును. సూదంటురాతిని రేకున కానించుడు. అంటుకొననిచోట రంగుక్రింద పుట్టీ దాగియుండును.

ఇంజను చల్లగా నున్నప్పుడే నడిపింపుడు. పొగ నీలముగా వచ్చినచో నూనె కాలుచున్నదని యెరుగుడు. నాలుగు చక్రములను త్రిప్పు ఫోర్‌వీల్ లీవరును గట్టి తారురోడ్డుపై పరీక్షింపరాదు. మలుపులో ముందు వెనుక చక్రములు వేర్వేరు వేగముల తిరుగవలసియుండగా, ఆ లీవరు వానిని జతకట్టివేయుటచే గేర్లు బిగిసికొనును. మెత్తని మట్టినేలపై ముందు చక్రములును లాగుచున్నవో లేవో చూడవలెను.

కాగితములు మరింత ముఖ్యము. మన దేశమున పెట్రోలు ఇంజను తీసి డీజిలుది పెట్టించిన జీపులు పెక్కు. ఛాసిస్ సంఖ్యయు, ఇంజను సంఖ్యయు రిజిస్ట్రేషను పత్రముతో సరిపోనిచో బేరము మానుడు. 2021 నాటి కేంద్రనిబంధనల చొప్పున, 50 ఏండ్లు దాటి అసలు రూపము చెడని సొంతబండి 'వింటేజి'గా నమోదు కావచ్చును. అట్లు నమోదైనదానిని నిత్యము రోడ్డుపై తిప్పరాదు.

బేరమునకు ముందే మరమ్మతు వ్యయమును మెకానిక్కుచే వ్రాయించి ఇంటిపద్దుతో సరిచూడుడు. ముచ్చట తీరవచ్చును గాని, పిల్లల చదువునకై దాచిన రొక్కము కదలరాదు.