ఎంబీబీఎస్ రాలేదా, పాపం!

2023 జూలై 14. సూళ్ళూరుపేటలో మా అక్కవాళ్ళ మేడ మీద పాతికమందిమి నెత్తిన తువ్వాళ్ళేసుకుని తూర్పుకి తిరిగి నిలబడ్డాం. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకి శ్రీహరికోటలో చంద్రయాన్-3 లేవాలి. మా ఊరోళ్ళకి రాకెట్టు కొత్తేం కాదు, 1971 నుంచీ చూస్తున్నారు. అయినా ప్రతిసారీ మేడ ఎక్కుతారు.

ఇంకా పావుగంట ఉందనగా ఎవరో మా అక్క కూతుర్ని "ఇంటరైపోయింది గదా, ఏం చేరతన్నావు పాపా?" అని అడిగారు. "బీఎస్సీ నర్సింగ్" అంది. అంతే! మేడంతా ఎవరో పోయినంత నిశ్శబ్దం. కాసేపటికి ఒకావిడ మెల్లగా "ఎంబీబీఎస్ రాలేదా, పాపం" అంది.

ఇక్కడ నేనేదో ఆవిణ్ణి కడిగి పారేశాననుకునేరు. లేదు. నేనింకా ఘోరం. పిల్లని పక్కకి పిలిచి, "ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ తీసుకో, ఫీజు నేను కడతా" అన్నాను. "నీట్ మార్కులు చూశావు గదా మామా. అయినా రాలేదని కాదు, నాకిదే చదవాలనుంది" అంది. నేను వినిపించుకోలేదు. ఇంతలో రాకెట్టు లేచింది. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ చప్పట్లు ఎవరికి కొట్టినట్టు? ప్రతి వాల్వూ, ప్రతి రీడింగూ ఒకటికి రెండుసార్లు చూసి, తేడా కనబడితే కౌంట్‌డౌన్ ఆపమని చెప్పే మనుషులకి. సరిగ్గా అదే పని ఆసుపత్రిలో చేసే మనిషిని మాత్రం మనం 'పాపం' అంటాం.

నాకీ జ్ఞానం ఊరికే రాలేదు. మరుసటేడు మా నాన్న చెన్నైలో ఒక పెద్దాసుపత్రి ఐసీయూలో నాలుగు రోజులున్నాడు. పెద్ద డాక్టరుగారు పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వచ్చేవారు. మిగతా ఇరవై మూడున్నర గంటలు చూసింది ఎవరు? రెండో రాత్రి మూడింటప్పుడు, గంట నుంచి మూత్రం సంచీలో కొలత పెరగలేదని గమనించి డ్యూటీ డాక్టర్ని లేపుకొచ్చింది ఒక నర్సు. నేనక్కడే ఉన్నా నాకు తెలిసేది కాదు. ఆ డాక్టరొచ్చి మందులు మార్చాడు, తెల్లారేసరికి నాన్న నిలబడ్డాడు. మనం రాత్రి రెండింటికి ప్రొడక్షన్ ఇష్యూకి లేస్తే వారం రోజులు చెప్పుకుంటాం. మన తప్పుకి రోల్‌బ్యాక్ ఉంది. నరంలోకెక్కిన ఇంజెక్షన్‌కి రోల్‌బ్యాక్ ఉందా? అందుకే వాళ్ళకి మొదటి ఏడే నూరిపోస్తారు: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన టైము.

అసలీ డిగ్రీలో ఏముంటుందో మనలో ఎంతమందికి తెలుసు? రెండేళ్ళ ఏఎన్ఎమ్, మూడేళ్ళ జీఎన్ఎమ్, నాలుగేళ్ళ బీఎస్సీ, అన్నిటినీ కలిపి "సిస్టర్ కోర్సు" అనేస్తాం. బీఎస్సీ అంటే ఎనిమిది సెమిస్టర్లు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, పాథాలజీ, కాన్పులు, పిల్లల జబ్బులు, మానసిక రోగాలు, రీసెర్చి, స్టాటిస్టిక్స్. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ మార్చిన సిలబస్‌లో ఇన్ఫర్మాటిక్స్ కూడా ఉంది మహాప్రభో! వీటికి తోడు వార్డుల్లో గంటలకి గంటలు నిలబడి నేర్చుకునే పని. మన ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ మనం ఎలా గడిపామో గుర్తుచేసుకుంటే సిగ్గేస్తుంది.

"అవన్నీ సరే, జీతాలేవి?" అంటారు. నిజమే, లేవు. కానీ అది చదువు తప్పా? 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ ఏం చెప్పిందంటే, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి నర్సుకి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి, 50 పడకల్లోపు ఆసుపత్రైనా నెలకి 20,000కి తగ్గకూడదు. పాటించమని రాష్ట్రాలకి రాశారు కూడా. మా నాన్న బిల్లులో రోజుకింత అని 'నర్సింగ్ ఛార్జీలు' విడిగా వేశారు. నాన్నని కాపాడిన ఆ అమ్మాయిని జీతమెంతమ్మా అని అడిగితే నవ్వి ఊరుకుంది. బిల్లు మన కంపెనీ ఇన్సూరెన్సు కట్టింది కాబట్టి ఆ డబ్బు ఎటుపోయిందని నేనూ అడగలేదు. మీరూ అడిగుండరు.

"కాలేజీలు బాగోవు" అనేది ఇంకో మాట. ఇదీ చాలావరకు నిజమే. రోగులే లేని ఆసుపత్రి పేరు చెప్పి నడిచే కాలేజీలున్నాయి. పిల్లల్ని జీతంలేని పనివాళ్ళుగా వాడుకునేవీ, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని బెదిరించేవీ ఉన్నాయి. మరి ఇంజనీరింగ్ కాలేజీ వెతికేటప్పుడు ప్లేస్‌మెంట్లు, ఫ్యాకల్టీ, ల్యాబులు అని ఆరా తీసే మనం, ఇక్కడ ఒక్క ప్రశ్న అడగలేమా? "ఈ కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, అందులో నిజంగా రోగులున్నారా?" తిరుపతిలో స్విమ్స్ నర్సింగ్ కాలేజీ ఉంది, ఎదురుగా కిటకిటలాడే ఆసుపత్రీ ఉంది. అసలు చిత్తూరు జిల్లా వాళ్ళు జబ్బు ముదిరితే వెల్లూరు ఎందుకు పరిగెత్తుతారు? అక్కడ ఐడా స్కడర్ 1909లోనే నర్సింగ్ స్కూలు పెట్టింది. 1946లో ఢిల్లీతో పాటు దేశంలో మొదటిసారి నర్సింగ్ డిగ్రీ మొదలైంది కూడా అక్కడే. సీఎంసీ పేరు ఒక్క డాక్టర్లతోనే వచ్చిందనుకుంటే పొరపాటు.

ఇక మన అసలు రంగు బయటపడేది పెళ్ళి సంబంధాల్లో. "అమ్మాయి ఆస్ట్రేలియాలో నర్సండీ" అంటే "అబ్బో, పీఆర్ ఉందా?" అని కుర్చీ ముందుకి జరుపుతాం. అదే అమ్మాయి నెల్లూరులో చేస్తుంటే "నైట్ డ్యూటీలుంటాయేమో" అని నసుగుతాం. యూఎస్ క్లయింటు కోసం పదేళ్ళు నైట్ షిఫ్టు చేసిన మనమా ఈ మాట అనేది?

పిల్లలందర్నీ నర్సింగ్‌లో పడేయమని నేననడం లేదు. ఇష్టపడి చేరతానన్న పిల్లని ఏడిపించొద్దంటున్నాను. మగపిల్లాడు చేరతానన్నా నవ్వొద్దంటున్నాను. అమ్మానాన్నల్ని చేర్చే ముందు గదిలో టీవీ ఉందా అని కాదు, రాత్రి వార్డులో ఎంతమంది రోగులకి ఒక నర్సుందో అడగమంటున్నాను. మనం అమెరికాలోనో బెంగుళూరులోనో కూర్చున్నప్పుడు వాళ్ళ పక్కనుండేది ఆవిడే.

మా మేనకోడలు ఇప్పుడు మూడో ఏడు. ఫీజు కడతానన్న నా మాట లాంగ్ టర్మ్‌తోనే పోయింది, అక్కా బావే కడుతున్నారు. మొన్న సిగ్గుపడుతూ ఫోన్ చేసి, "హాస్టలు ఫీజైనా నేను కడతానే" అన్నాను. "ఏం వద్దులే మామా, మంచి స్టెతస్కోపు ఒకటి కొనివ్వు. ఈసారి రాకెట్టుకొచ్చినప్పుడు ఆ మేడ మీద అందరి ముందూ ఇవ్వాలి" అంది.

కొని పెట్టాను. రాకెట్టు తేదీ కోసం చూస్తున్నాను.