అద్దాల అరలో ఈద్ దుస్తులు

రమజాన్ సమీపిస్తున్నదంటే, మా వద్ద చదువుకొని నేడు బట్టల వ్యాపారం చేసుకుంటున్న యువకులు దుకాణం ముంగిట అలంకరణ ఎలా ఉండాలని మమ్మల్ని అడగడం పరిపాటి. ఇది మద్రసాలో అడగవలసిన ప్రశ్నేనా అని కొందరికి అనిపించవచ్చు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫా నగరంలో వస్త్ర వ్యాపారి అన్న సంగతి గుర్తున్నవారికి అలా అనిపించదు. సరుకును అందంగా చూపడం తప్పు కాదు. చూపేది ఒకటి, ఇచ్చేది మరొకటి కావడమే తప్పు.

ముందుగా రుతువును గమనించాలి. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది గనుక ఈదుల్ ఫిత్ర్ ఏటేటా ముందుకు జరుగుతుంది. 2016లో జూలై వానల్లో వచ్చిన పండుగ 2026 నాటికి మార్చి ఎండలకు చేరింది. 2031లో జనవరి చలిలో వస్తుంది. ఎండ ముదిరే వేళ దళసరి జరీ కుర్తాలను ముందు వరుసలో వేలాడదీస్తే కొనేవారు చూసి సాగిపోతారు.

నెలలోనూ దశలున్నాయి. రమజాన్ సగం గడిచేసరికి చాలామంది దర్జీలు కొత్త పని ఒప్పుకోరు. కాబట్టి తొలి రోజుల్లో తానులు, కుట్టని సూట్ ముక్కలు ముందుండాలి. చివరి పది రోజులు సిద్ధ దుస్తులవి. చాంద్ రాత్ నాడు టోపీలు, దుపట్టాలు, చేతిరుమాళ్ళు, అత్తరు సీసాలు గుమ్మం దగ్గరే చేతికందాలి. ఆ రాత్రుల్లో హైదరాబాదులోని పత్తర్‌గట్టి, మదీనా, చార్మినార్ వీధుల్లో నడిచినవారికి తెలుసు, జనం భుజాలు రాసుకుంటూ కదులుతుంటారు. అద్దం వైపు పడేది ఒక్క చూపే. ఆ అరలో ముప్పై జతలు కుక్కితే ఒక్కటీ కనబడదు.

మా సలహా ఏమంటే, తండ్రి కుర్తా, తల్లి దుస్తులు, ఇద్దరు పిల్లల జతలు ఒకేచోట అమర్చి, విడి ధరలతో పాటు మొత్తం ధరను పెద్ద అంకెలతో రాయండి. ధర అడిగి, కొనలేక వెనుదిరగడం చిన్న జీతగాడికి ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. గుమ్మం బయటే లెక్క చూసుకోగలిగితే అతని మర్యాద దక్కుతుంది. పిల్లల బట్టలను పిల్లల కంటి ఎత్తులోనే పెట్టాలని వ్యాపార నిపుణులు అంటారు. మేము అలా చెప్పము. బిడ్డ అద్దాన్ని పట్టుకొని ఏడుస్తుంటే తండ్రి జేబు ఖాళీ కావడం వ్యాపార నైపుణ్యం కాదు.

బొమ్మల విషయంలో ముఖకవళికలు లేనివి, తల లేనివి వాడటం ఉత్తమం. కొయ్య హ్యాంగరైనా చాలు. అంతకన్నా పెద్ద చిక్కు బొమ్మ వీపు వెనుక ఉంటుంది. వదులు కుర్తాను వెనుక గుండుసూదులతో బిగించి, ముందు నుంచి చక్కగా అమరినట్లు చూపుతారు. ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడిని కనుగొని, దానిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని దైవప్రవక్త (సఅసం) వర్తకుణ్ణి నిలదీసిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. ఆ సూదులు ఆ తడి వంటివే. పసుపు దీపాల కింద జరీ మెరుస్తుంది, రంగు మారుతుంది. గుడ్డను గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూపే పాత అలవాటును మానకండి; రాత్రి వేళకు ఒక తెల్లని దీపం ఉంచండి.

తోరణాలపై, చేతిసంచులపై ఖుర్ఆన్ వాక్యాలు ముద్రించకండి. మరునాడు అవి కాళ్ళ కింద నలుగుతాయి. నెలవంక, లాంతరు చాలు. బల్లలు బాట మీదికి జరపకండి.

నెల పొడుగునా దీపాల వేడిలో, ఎండలో ఉన్న దుస్తులు మడతల దగ్గర వెలుస్తాయి. అబూ హనీఫా (రహ్మ) గారి భాగస్వామి ఒకసారి లోపమున్న వస్త్రాన్ని ఆ సంగతి చెప్పడం మరచి అమ్మగా, ఇమాం గారు ఆ సొమ్మంతా దానం చేశారని ఆయన జీవిత చరిత్రల్లో ఉంది. అద్దాల అర దింపేటప్పుడే వెలిసిన చోటును చీటీపై రాసి, ధర తగ్గించి, ఆ చీటీని బట్టకే కుట్టేయండి. అప్పుడు మీరు లేని వేళ గల్లాలో కూర్చున్న కుర్రవాడు కూడా చెప్పడం మరచిపోడు.