బంగారక్కను వెళ్లగొట్టినదెవరు?

బొమ్మలు కదలిన చాలు, అది పిల్లల ఆటయని మనలో పలువురు తలంతురు. తల్లి వంటపనిలోను, తండ్రి సాంచాల మీదను ఉన్నవేళ పిల్లవాని చేతికి ఫోను చేరును. తెరపై ఒక కుక్కయు ఒక పిల్లియు గంతులు వేయుచుండును. ఇంటివారు నిశ్చింతగా నుందురు. ఆ కుక్క యేమి పలుకుచున్నదో, ఆ పిల్లి యేమి చేయుచున్నదో తొంగిచూచువారు అరుదు. ఒకవేళ చూచిన పెద్దలు, "ఇది పాశ్చాత్యుల మురికి, మన సంస్కృతిలో ఇట్టిది లేదు" అని తీర్పు చెప్పి వెడలిపోవుదురు. చూడనివారిది తప్పే. కాని ఆ తీర్పు చెప్పువారిది అంతకన్న పెద్ద తప్పని నా వాదము.

ముందుగా ఆ కుక్కపిల్లుల సంగతి మనవి చేసెదను. అమెరికాలో 1991 ఆగస్టు నెలలో నికలోడియన్ అను పిల్లల టెలివిజన్ సంస్థ "రెన్ అండ్ స్టింపీ" అను బొమ్మల ధారావాహికను ప్రారంభించెను. రెన్ బక్కచిక్కిన కోపిష్ఠి కుక్క. స్టింపీ మందబుద్ధి గల లావు పిల్లి. దీని సృష్టికర్త కెనడా దేశీయుడగు జాన్ క్రిక్‌ఫలూసీ. ముక్కు చీమిడి, త్రేనుపులు, దుర్గంధము ఇవియే అందలి హాస్య సామగ్రి. అయినను ఆ సంస్థవారు ఎక్కడికక్కడ హద్దులు గీయుచుండిరి, జనులు మెచ్చిరి. హద్దుల విషయమునను గడువుల విషయమునను తగవులు ముదిరి 1992లో సృష్టికర్తను తొలగించిరి.

పదునొకండేండ్ల తరువాత, 2003 జూన్‌లో, స్పైక్ టీవీ అను వేరొక సంస్థ అదే జంటను అదే సృష్టికర్త చేత, ఈసారి పెద్దల కొరకని ప్రకటించి, తెరపైకి తెచ్చెను. హద్దులు సడలెను. తొలి కథలో ఆ జంట ఒక దిమ్మరి నోటిలోని కాపురమును విడిచి, మద్యశాలలోని తమ్మపడిగలో, అనగా ఉమ్మివేయు తొట్టెలో, క్రొత్త కాపురము పెట్టును. తరువాతి విందు ఎట్టిదో పాఠకులు ఊహించుకొనవచ్చును. మొత్తము మీద తయారైనవి ఆరు కథలు. నాడు టెలివిజన్‌పై వచ్చినవి మూడే. మిగిలినవి 2006లో డిస్కుల రూపమున వెలువడినవి. నిర్మాణములోని ఆలస్యము కూడ దీనికి కారణమే. కాని నేను గమనించినది వేరు: అవే బొమ్మలు, అదే చేయి, హద్దులున్నపుడు నవ్వు పుట్టెను, హద్దులు తొలగగా ఏవగింపు మాత్రమే మిగిలెను.

దీనికి ఎదురుగా మరియొక దృష్టాంతము కలదు. "సౌత్ పార్క్" అను బొమ్మల ధారావాహిక 1997లో మొదలయ్యెను. మోటుతనమున అది దీనికి తీసిపోదు. అయినను ఇరువదియేండ్లకు పైబడి నిలిచినది. అందు పాలకుల కపటము, మతాధికారుల డంబము, ధనికుల మూర్ఖత అను విషయములు కలవు. అందలి నీతిని నేను మెచ్చుట లేదు. అందు విషయమున్నదని మాత్రమే చెప్పుచున్నాను. భివండీలో నివసించువారికి ఇది వేరుగ విప్పి చెప్పనక్కరలేదు. కండెలోని నూలు ఎంత మంచిదైనను, సాంచె మీద పడుగు లేనిదే గుడ్డ కాదు, చిక్కు మాత్రమే యగును. మోటు హాస్యము పేక, కథ పడుగు.

ఇక పెద్దల తీర్పు. నేను ముప్పదియేండ్లకు పైగా హాజరు పట్టీలును గజముల లెక్కలును వ్రాసిన గుమాస్తాను. నా చదువు మెట్రిక్‌తో ముగిసెను. నావంటివానికే తెలిసిన సంగతులు సభావేదికల మీది పండితులకు తెలియవని నమ్మజాలను. భరతముని నాట్యశాస్త్రమున చెప్పిన ఎనిమిది రసములలో బీభత్సమొకటి. దాని స్థాయీభావము జుగుప్స, అనగా ఏవగింపు. హాస్యమును ఆయన స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు విధములుగా విభజించి, ఉత్తములకు రెండు, మధ్యములకు రెండు, అధములకు రెండు కేటాయించెను. డొక్కలు పట్టుకొని కన్నీరు కార్చు నవ్వును ఆయన క్రిందిమెట్టున నుంచెనే కాని మెట్ల మీదనుండి త్రోసివేయలేదు. మన కవి చౌడప్ప శతకములో నీతియు బూతును ప్రక్కప్రక్కనే కూర్చుండి యున్నవి. ఇవి యెవరి సంస్కృతి?

వీటికన్న గొప్ప సాక్ష్యము తోలుబొమ్మలాట. పదమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమునందే తోలుబొమ్మలను పేర్కొనెను. తోలును పారదర్శకమగునట్లు శుద్ధిచేసి, రంగులద్ది, కీళ్లు కట్టి, తెల్లని పంచెల తెర వెనుక దీపముల వెలుగున ఆడించుచు, కాళ్ల క్రింది చెక్కలను తొక్కి యుద్ధధ్వనులు పుట్టించుచు, తెల్లవారువరకు రామాయణమును నడపిన కళ యది. ఆ రామాయణము నడుమ, రాముడో సీతమ్మయో శోకించి తెర విడిచినంతనే వచ్చువారెవరు? జుట్టుపోలిగాడు, బంగారక్క, వారి నడుమ దూరు కేతిగాడు. వారి తిట్లు, తన్నులాటలు, పచ్చి సరసములు, పొట్టకు సంబంధించిన పరిహాసములు ఎరుగని పల్లె యుండెడిది కాదు. కదలెడు బొమ్మలతో పెద్దలకు చేసిన మోటు హాస్యమనగా ఇది కాక మరేమి? ఆ పాశ్చాత్యపు కుక్కపిల్లులకు మన బంగారక్క ముత్తవ్వ వరుస.

అయినచో బంగారక్క శతాబ్దములు బ్రదుకుటకును, తమ్మపడిగలోని కాపురము మూడు కథలకే కూలుటకును కారణమేమి? రెండు కారణములు చూపెదను.

మొదటిది పడుగు. బంగారక్క వచ్చునది రామకథ నడుమ. రాత్రి సగము గడచి జనులు కునికిపాట్లు పడునపుడు ఆమె వారిని మేల్కొల్పును. ఊరిలోని పిసినిగొట్టును, డాంబికుని ఎత్తిపొడుచును. మరల రామునికి తెర విడిచి తాను తప్పుకొనును. ఆమె పని తీరినంతనే వెడలిపోవుట ఆమె మర్యాద.

రెండవది కూటమి. ఆటను ఊరంతయు కూడి చూచెడిది. అవ్వ ప్రక్కన మనుమడు, అత్త ప్రక్కన కోడలు. ఆటగాడు నోరు జారినచో అవ్వ నవ్వునో, ముఖము త్రిప్పుకొనునో అతనికి తెలియును. అవ్వ లేచిపోయినచో ఆ ఊర మరల ఆట దొరకదు. పిల్లవానికి అర్థము కానిది అర్థము కాకయే గడచిపోవును. అర్థమైనది అవ్వ ముఖము చూచి కొలుచుకొనును. ఇంతకన్న మంచి సెన్సారు ఏ ప్రభుత్వము నియమింపగలదు? 2021 నాటి కేంద్ర ప్రభుత్వ నియమములు అంతర్జాల వేదికలు తమ చిత్రములకు ఏడేండ్లు, పదమూడేండ్లు, పదునారేండ్లు, పెద్దలు అని ముద్రలు వేయవలెనని శాసించినవి. మంచిదే. కాని ముద్రను చదువవలసినవాడు ఇంటిలో లేనపుడు ముద్ర యేమి చేయును? మూల గదిలో ఫోనుతో ఒంటరిగా నున్న పిల్లవానికి అవ్వ ముఖము కానరాదు.

ఇచటనే నా అభియోగము. బంగారక్కను వెళ్లగొట్టినది అమెరికా కాదు, మనము. వలస వచ్చి తరములు గడచిన మన సంఘముల ఉత్సవములలో ప్రార్థనాపద్యము, సన్మానపత్రము, జ్యోతిప్రజ్వలనము కలవు, నవ్వు లేదు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి మన అవ్వలు మూటగట్టి తెచ్చిన మోటు సామెతలు, పొడుపుకథలు, పెండ్లివేళ వియ్యపురాండ్రపై పాడు ఎకసెక్కపు పాటలు సభ్యముగా లేవని మూలకు నెట్టితిమి. ఫలితమేమి? మన పిల్లలు మరాఠీలో నవ్వుచున్నారు, హిందీలో తిట్టుకొనుచున్నారు, ఆంగ్లమున బొమ్మలు చూచుచున్నారు. తెలుగులో నమస్కారము మాత్రము పెట్టుచున్నారు. నమస్కారమునకు మాత్రమే పనికివచ్చు భాష ఎన్ని తరములు బ్రదుకును?

మన ప్రక్కవారిని చూడుడు. తమాషాలో సోంగాడ్యా, మావశీ పాత్రల మోటు పరిహాసము లోకప్రసిద్ధము. మరాఠీలు దానికి సిగ్గుపడి తలుపులు మూయలేదు. తమాషా కళాకారిణి విఠాబాయి నారాయణగావ్‌కర్ పేర మహారాష్ట్ర ప్రభుత్వమే పురస్కారము నెలకొల్పినది. మరియొక విచిత్రము వినుడు. తెలుగునాట తోలుబొమ్మలాడించు కుటుంబములలో పలువురి ఇంటిభాష నేటికిని ఒక మరాఠీ మాండలికము. మహారాష్ట్రము నుండి వలసపోయినవారు రామునిచేతను బంగారక్కచేతను తెలుగు పలికించిరి. మహారాష్ట్రమునకు వలసవచ్చిన మనము బంగారక్క పేరైనను పిల్లలకు చెప్పకుంటిమి.

"ఆడపిల్లలున్న ఇండ్లలో బూతును ఆడింపుమందువా?" అని కొందరు ఆక్షేపింతురు. అనను. పాత ఆటలోని ప్రతి మాటయు పూజ్యము కాదు. ఆలిని తన్నుటయే నవ్వుగా చెలామణి యైన పట్టులు, కులమును ఎత్తి హేళన చేయు పట్టులు నేడు వదలవలసినవే. తూర్పారబట్టుట వేరు, గాదెకే నిప్పు పెట్టుట వేరు. మోటుతనమును కథతో కట్టి, పదిమంది నడుమ నుంచినచో అది ఆరోగ్యము. కథ నుండి విడదీసి, ఒంటరివానికి అందించినచో రోగము.

కావున మన సంఘమునకు నా సూచనలు మూడు. నిమ్మలకుంట తోలుబొమ్మ కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లోను, మన రాష్ట్రమందలి పింగుళికి చెందిన పరశురామ్ గంగావణేగారికి 2021లోను పద్మశ్రీ లభించినది. ఈ రెండు ఊళ్ల బృందములలో ఒకదానినైనను పద్మానగరునకు పిలిపించి, బంగారక్కను కత్తిరింపక, ఒక రాత్రి ఆట ఆడింపవలెను. మన వృద్ధస్త్రీల సామెతలను, హాస్యపు పాటలను వ్రాసి, రాబోవు సంచికలో ముద్రింపవలెను. మూడవది సంఘము చేయగలది కాదు, ప్రతి ఇంటివారును చేయవలసినది: పిల్లవాడు బొమ్మలు చూచుచు నవ్వినపుడు, ప్రక్కన కూర్చుండి ఎందుకు నవ్వెనో అడుగవలెను. నవ్వదగినదైనచో మనమును నవ్వవలెను. కానిచో మన ముఖమే వానికి చెప్పును.